ఒరిగిన రాట మాత

పూర్వం, గోదావరి పాయ మీద వంతెన కట్టవచ్చునన్న ఊహ కూడా ఎవరికీ తోచని కాలంలో, జిల్లేడులంక అనే చిన్న దీవిలో రాయప్ప అనే పడవవాడు ఉండేవాడు. లంక ఒడ్డున ఒక రాట, అవతల మర్లపాలెం ఒడ్డున మరొక రాట పాతి, రెంటికీ నడుమ లావుపాటి మోకు బిగించి, ఆ మోకును చేతులతో లాగుకుంటూ పడవను దాటించడం అతని వృత్తి. లంకలోని క్రైస్తవ కుటుంబాలన్నింటిలోకీ భక్తిపరుడని అతనికి పేరు. అనుమానపు మనిషి అన్న పేరు మాత్రం ఏటికి రెండు ఒడ్డులలోనూ ఉండేది.

ఆ అనుమానానికి కారణం లేకపోలేదు. ఒక వరదనాడు మర్లపాలెం వైపు ముడి జారిపోయి, పడవ తిరగబడి, అతని భార్య ఇన్నాసమ్మ ఏటిపాలైంది. ఆ ముడి వేసినవాడు మర్లపాలెం రైతు పోలినాయుడు. ఏటి మధ్య వేసిన ఒండ్రుమేట ఎవరిదన్న తగాదా అప్పటికే రెండు ఊళ్ళకూ నడుస్తున్నందువల్ల, ముడి జారలేదనీ, జార్చారనీ రాయప్ప తీర్మానించుకున్నాడు. నాటినుండి రెండు వైపులా ముడి తానే వేసేవాడు. అంతటితో ఆగక, పూటపూటా రాటకు కాలు తన్నిపెట్టి, ఒంట్లో బలమంతా తెచ్చి మోకును లాగి చూసేవాడు. పెళ్ళివారు పడవెక్కి కూర్చున్నా సరే, ఆ పరీక్ష పూర్తికానిదే పడవ కదిలేది కాదు.

ఇక అతని ప్రార్థన మాట చెప్పాలంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. మరియమాత పటం ముందు మోకరిల్లి జపమాల ముగించి, ఆపైన ఠాణాలో ఫిర్యాదు ఇస్తున్నవాడిలా, ఫలానావాడు నిన్న నన్ను చూసి ఎందుకు నవ్వాడో కనిపెట్టు తల్లీ, ఫలానావాడు రేవుకు ఊరికే రాలేదు, కాస్త చూస్తూ ఉండు అని ఒక్కొక్కరి పేరూ విన్నవించేవాడు. జపం అయ్యాక మనసు కుదుటపడాలి గదా, ఇతనికి కొత్త అనుమానాలు పుట్టేవి. పాపం, కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో అతనికే తెలియదు.

ఇలా ఉండగా ఒక శ్రావణమాసంలో గోదావరి పొంగి, పాయ ఎర్రనీటితో ఉరవడిగా పారుతున్న వేళ, రాయప్ప ఒక్కగానొక్క కూతురు ఆరోగ్యమ్మకు తొలికాన్పు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందనీ, మర్లపాలెం మంత్రసాని చెయ్యి పడితే తప్ప తల్లీబిడ్డా దక్కరనీ లంక ఆడవాళ్ళు తేల్చి చెప్పారు. ఆమెను పిలుచుకువచ్చే వ్యవధి లేదు. రాయప్ప రేవుకు పరుగెత్తి చూసేసరికి, అవతలి ఒడ్డున తన రాట దగ్గర వంగి, తన మోకు మీద చేతులు వేసి ఏదో చేస్తున్న మనిషి కనిపించాడు. అంత దూరంనుండి కూడా ఆ మనిషి పోలినాయుడని అతను పోల్చుకోగలిగాడు. ఎంత అరిచినా గాలికి మాట అవతలికి చేరలేదు.

రాయప్ప ఇంటికి తిరిగివచ్చి పటం ముందు కూలబడి, పోలినాయుడి మీద ఎప్పటి ఫిర్యాదే మొదలుపెట్టాడు. నులకమంచం మీద మెలితిరిగిపోతున్న ఆరోగ్యమ్మ అది విని, “నాన్నా, ఆళ్ళ పేర్లు తరవాత సెప్దువుగాని. ముందు నన్ను ఆ తల్లికి అప్పజెప్పు” అంది.

ఇన్నేళ్ళూ అందరి మీదా కాపలా పెట్టమని తల్లిని అడిగాడే గాని, దేన్నీ ఆమెకు అప్పగించి చేతులు తీసుకున్నవాడు కాడు. చివరకు, “అమ్మా, ఆ ఒడ్డున జరిగేది నాకు కనపడదు. నీకు కనపడుద్ది. నా బిడ్డని నీ కొడుకు చేతిలో పెట్టు” అని ఒక్కమాట అని లేచాడు. అంతటితో భయం పోయిందని చెప్పేవాళ్ళు చెబుతారు గాని, నేను ఒప్పుకోను. కూతురిని పడవలో పడుకోబెడుతున్నప్పుడు అతని చూపు అవతలి ఒడ్డు మీదే ఉందని చూసినవాళ్ళు చెప్పగా విన్నవాళ్ళు ఉన్నారు. భయం ఉండగానే బయలుదేరాడు, అదీ విశేషం.

అలవాటు కొద్దీ కాలు రాటకు వెళ్ళింది, చేతులు మోకు మీదికి వెళ్ళాయి. లాగి చూడబోయి, ‘అప్పజెప్పాను గదా’ అనుకుని మానుకున్నాడు. యేసునామం స్మరిస్తూ, మోకును మెల్లగా చేతికి తీసుకుంటూ పడవను ఏటిలోకి నడిపాడు.

అవతలికి చేరి తలెత్తి చూసినవాడు కొయ్యబారిపోయాడు. రాట మొదలంటా కదిలి ఏటివైపు ఒరిగి ఉంది. దానికి కట్టగా మిగిలిన మోకు కొసను నడుముకు చుట్టుకుని, మడమలు బురదలో దిగేసి, పోలినాయుడు వెనక్కి వాలి నిలబడి ఉన్నాడు. మోకు ఒరుసుకుని అతని పొట్ట మీద నెత్తురు కారుతోంది.

“పొద్దూ మాపూ నువ్వు లాగిన లాగుళ్ళకి రాట ఎప్పుడో వదులైపోయిందయ్యా! వరదకి మన్ను మెత్తబడి ఊడొచ్చేత్తంది, ఇందాకే చూసి బిగిద్దామని వంగాను. ఇయ్యాల ఒక్క లాగుడు లాగుంటే రాటా, నేనూ, మీరూ అంతా ఏట్లోనే” అన్నాడతడు.

“నువ్వెందుకు పట్టుకున్నావు?” అని రాయప్ప అడిగాడు. ఆ క్షణంలో కూడా అతనికి అనుమానమే.

“పడవ వత్తంది. పట్టుకున్నాను. బిడ్డని దింపవయ్యా ముందు!”

ఆ పూటే రేవు పక్క పోలినాయుడి పశువులపాకలో, మంత్రసాని చేతి మీదుగా ఆరోగ్యమ్మకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా దక్కారు. రాయప్ప ఆ ఒరిగిన రాటను కౌగిలించుకుని, ఇన్నాసమ్మ పోయిననాడు కూడా ఏడవనంతగా ఏడ్చాడు. వరద తీశాక రాట చుట్టూ చిన్న గుడి కట్టి మరియమాత స్వరూపాన్ని నిలిపారు. ఆ గుడికి మొదటి ఇటుక పోలినాయుడే పెట్టాడు. మోకు పట్టుకున్నది నాయుడు కాదనీ, తెల్లచీర కట్టుకున్న దేవమాత అనీ లంకలో కొందరు అంటారు. నాకు మాత్రం ఆ తెల్లచీర మీద నమ్మకం లేదు. అంత మంచి మనిషిని ఒడ్డున నిలబెట్టిన తల్లికి, స్వయంగా బురదలో దిగే అవసరమేముంది?

ఇప్పుడు పాయ మీద వంతెన ఉంది, పడవ లేదు. అయినా ఏటేటా ఆ మాత పండుగనాడు ఏటికి అడ్డంగా మోకు బిగిస్తారు. లంక వైపు ముడి మర్లపాలెం వారు, మర్లపాలెం వైపు ముడి లంకవారు వేస్తారు. ఎవరి ముడినీ ఎవరూ లాగి చూడరు. ఆ రాట నేటికీ గుడిలో ఏటివైపు ఒరిగే ఉంది. సిమెంటు పోసి నిలబెడతామని చర్చి గురువుగారొకరు ముచ్చటపడితే, రెండు ఊళ్ళవారూ ఏకమై వద్దన్నారు. బెంగలతో, భయాలతో నిద్రకు దూరమైనవారు దూరదూరాలనుండి వచ్చి దాని ముందు మోకరిల్లుతారు. వచ్చిన ప్రతివారి చెయ్యీ, అది గట్టిగా ఉందో లేదో కదిపి చూద్దామని ముందుకు వెళుతుంది. గుడి ఊడ్చే ముసలమ్మ, పోలినాయుడి మునిమనవరాలు, చీపురు పక్కన పెట్టి అందరికీ ఒక్కటే మాట చెబుతుంది.

“లాగమాకండమ్మా. ఊరికే పట్టుకోండి.”