మూడో పిల్ల ఎవరికి?

తవిటమ్మకు నలభై ఏళ్లు. ఏ మాటనైనా వేళ్ల మీద లెక్కేసుకున్నాకే నమ్మేది.

కోటలో వెట్టికి ప్రతి వీధి ఆడవాళ్లలో మూడోవంతు రావాలని దొర చాటించాడు. అంతకుముందు కోటకు వెళ్లిన ఆడపిల్లలెవరూ తిరిగి రాలేదు. తవిటమ్మ వీధిలో మూడే ఇళ్లు, ఇంటికో తల్లి, ఓ కూతురు. ఊరంతా మూగి, దొర గుర్రం మీద చూస్తుండగా పెత్తందారు ఆమె కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

తవిటమ్మ అడ్డొచ్చింది. "మా ఇంటి ఇద్దరిలో మూడోవంతంటే నిండా ఒక మనిషి కూడా కాదు గదయ్యా."

"నాకే లెక్కలు చెబుతావటే? ముక్కయినా మనిషి కిందే లెక్క. ఇంటికో పిల్ల రావలసిందే."

ఆమె దొర వైపు తిరిగింది. "దొరా, మూడిళ్లకూ కలిపి ఆరుగురం. ఆరులో మూడోవంతు ఇద్దరు. ఈయన ముగ్గుర్ని తీసుకుపోతున్నాడు, అంటే సగం. తమరడిగింది ఇద్దర్నే. మరి మూడో పిల్ల ఎవరికి?"

దొర చూపు తగలగానే పెత్తందారు చెయ్యి వదిలేశాడు.

"ఇద్దరే," అన్నాడు దొర.

"చాటింపులో వయసు చెప్పలేదు దొరా. నేనూ, పక్కింటి ఎర్రమ్మా వస్తాం."

వెట్టికి చిన్నపిల్లలే ఎందుకో ఊరందరి ముందూ చెప్పలేక దొర గుర్రం తిప్పాడు.

తవిటమ్మా ఎర్రమ్మా కోటకు వెట్టికి వెళ్లారు. మరుసటి ఏడు ఓ రాత్రి, కావలివాళ్లు మారే వేళ లెక్కేసుకుని తవిటమ్మ కోట వెనక తలుపు తీసి లోపలున్న ఆడపిల్లలందర్నీ బయటికి తెచ్చింది.