పేరంటాలు నాటిన మూల

అనగనగా అంటే ఎప్పటిదో కాదర్రా, మొన్న వానలు పడ్డాక జరిగిందే. గోదారి కాలవ పక్కన ఒక ఊళ్ళో పేరంటాలనే ఆవిడ పుట్టిల్లుంది. రాజు లేడా అంటే లేడు, ఆవిడ తమ్ముడు కోటయ్యే ఆ పొలానికి రాజు. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ. ఊడ్పుల నాడు, అదే, వరినారు నాటే రోజున, ఇంటి ఆడపడుచు వచ్చి ఈశాన్యం మూల తొలి కట్ట నాటాలి. అప్పుడుగానీ కూలీలు మళ్ళో దిగేవారు కాదు. ఊఁ అనండర్రా, నేనొక్కదాన్నే చెప్పుకోవాలా?

ఈ ఏడూ పసుపూ కుంకుమా పట్టుకుని బస్సు దిగింది పేరంటాలు. ఎడ్లేవిరా అంటే ట్రాక్టరుందన్నాడు తమ్ముడు. కూలీలేరిరా అంటే మిషనుందన్నాడు. మిషనుకి నారేదిరా అంటే వాకిట్లో ప్లాస్టిక్ ట్రేలు చూపించాడు. జానెడు నారు, కింద వేళ్ళు అల్లుకుపోయి పచ్చటి చాపల్లా ఉంది. మరి నేనెందుకురా అని అడగబోయి మింగేసింది పిచ్చిది. అక్కర్లేదంటాడేమోనని భయం.

ఊరికే కూర్చునే మనిషా? అందరూ కాఫీలు తాగుతుంటే ఓ చాప తీసి, పరకలు విడదీసి, శుభ్రంగా కట్టలు కట్టేసింది. సాయం చేశాననుకుంది. కోటయ్య చూసి నెత్తి కొట్టుకున్నాడు. మిషను చాపనే తీసుకుంటుందిట, కట్టలు పనికిరావుట.

"ఎంత పని చేశావక్కా," అన్నాడు.

పేరంటాలు మొహం చిన్నబోయింది. పసుపు పొట్లం కొంగున ముడేసుకుని, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతానంది.

కోటయ్య కోడలు హారిక ఉందే, గడుసు పిల్ల. ఆ మిషను తోలేది తనే. మడంతా నాటుకుంటూ వెళ్ళి, ఈశాన్యం మూల దగ్గర ఆపేసి వచ్చింది.

"అత్తయ్యగారూ, ఇది మూలల్లో తిరగదండి. మీ కట్టలు తెస్తారా?" అంది.

పేరంటాలు చీర ఎగ్గట్టి బురదలో దిగింది. తొలి కట్ట కాస్తా ఆఖరి కట్టయింది, అయితేనేం. పసుపూ కుంకుమా చల్లి, దణ్ణం పెట్టి నాటుతుంటే కళ్ళంట నీళ్ళు. హారిక పక్కన చేరి నాకూ నేర్పండంది. కోటయ్య గట్టు మీంచి కట్టలందించాడు.

నాటడం అయ్యాక నడుం ఎత్తి మడంతా చూసింది పేరంటాలు. మిగతా మూడు మూలలూ మిషనే నాటేసింది. అది చూసి, కోడలి బుగ్గన బురద తుడిచింది.

పనులు మారిపోతాయర్రా, మనిషికి చోటు మాత్రం మనమే అట్టేపెట్టాలి. కథ గట్టెక్కింది, మీరింక దుప్పట్లో దూరండి.