గంగులమ్మ పీట

డీజిల్ ఇంజన్లు కొత్తగా ఊళ్లకు వస్తున్న రోజుల్లో జగ్గప్ప దొర ఒక బియ్యం మిల్లు పెట్టాడు. ఇంజను మర్మం తనకొక్కడికే తెలుసని ఆయన ధీమా. వడ్లు ఉడకబెట్టే గంగులమ్మ ఆ గదిలోకి తొంగిచూస్తే చాలు, "నీకేం తెలుసే, పో!" అని కసిరేవాడు.

ఒకనాడు ఇంజను ఉన్నట్టుండి రెచ్చిపోయింది. ఒకటే పొగ, గోడలదిరే మోత. దొర డీజిల్ కట్టేశాడు. అయినా ఆగలేదు. లోపలున్న కందెన నూనెనే తాగుతూ ఇంకా జోరందుకుంది. ఆ వేగానికి ఇంజను చక్రం పగిలితే మిల్లులో ఒక్కరూ మిగలరు. దొర తన కండువా తీసి ఇంజను గాలి పీల్చే గొట్టంలో కుక్కాడు. అది కండువాను గుటుక్కున మింగేసింది. దొర గుమ్మంలోకి పరుగెత్తాడు.

పొయ్యి మీద నూనె అంటుకుంటే మూత వేసే చెయ్యి గంగులమ్మది. తాను కూర్చునే మందపాటి పీట పట్టుకొచ్చింది. చక్రానికి ఎడంగా నిలబడి, గొట్టం నోట్లో వేళ్లు పడకుండా, పీటను మూతలా అదిమిపట్టింది. ఇంజను రొప్పింది, దగ్గింది, నెమ్మదించసాగింది.

"తిండి లేకపోయినా నాలుగు రోజులు బతకొచ్చు దొరా. ఊపిరాడకపోతే ఎట్టా బతుకుద్ది?" అంది.

మిల్లు జనమంతా చూస్తుండడంతో దొర మీసం సర్దుకున్నాడు. "నీ పీట గొప్పేం లేదులేవే. నేను డీజిల్ కట్టేశాను గనక ఆగుతోంది!"

"అట్టాగా దొరా! అయితే పీట తీసేయనా?"

"వద్దే... వద్దు తల్లీ!"

ఆ కేక వీధి మలుపు దగ్గర్నుంచి వినబడింది.