రేవుకూ గుండుకూ మధ్య

మా ఆచారిగారికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులేసుకుంటారు. ముప్ఫై ఏళ్లు సర్వేయరుగా ఊరంతా కొలిచి, రిటైరయ్యాక ఇంటి వరండాలో మాకు పటాలు గీయడం నేర్పుతున్న మనిషి. ఆయన్ను ఏదైనా అడిగామంటే ఆ పూట కాళ్లు పీకడం ఖాయం.

ఒకరోజు మా ప్రణీత్ నది ఒడ్డు ప్లాను పట్టుకొచ్చాడు. ఊరి మధ్య నది మలుపు తిరిగే చోట, రేవు పక్కనున్న వాలు మీద 'ఖాళీ స్థలం' అని రాసి, దాని మీదే రెండంతస్తుల షాపుల వరస గీశాడు. ఆచారిగారు సరేనంటే సాయంత్రం మునిసిపాలిటీలో ఇచ్చేస్తాడు.

"నీళ్లు శుభ్రంగా ఉంచితే చాలదాండీ? ఆ వాలు, ఆ బండలు ఉన్నవి ఉన్నట్టే ఉండాలని మీరెప్పుడూ అంటారెందుకు? అక్కడ ఏముందని?" అని అడిగాడు.

ఆచారిగారు చెప్పులేసుకున్నారు. నేనూ వెంట నడిచాను.

రేవులో మణెమ్మ బట్టలుతుకుతోంది. దుప్పటి బండకేసి బాదడం, నడుమెత్తి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎగువకు చూడటం, మళ్లీ వంగడం. ప్రణీత్ ముఖం వెలిగిపోయింది. "చూశారా, మొక్కుతోంది. సర్వేకి వచ్చినప్పుడే గమనించానండీ. అందుకే షాపుల చివర చిన్న గుడి కూడా పెట్టాను." నిజంగానే పెట్టాడు, గోపురంతో సహా.

మణెమ్మ విని నవ్వింది. "మొక్కుడేంది బిడ్డా, నాకు గంత తీరికేడిది? అగో, మలుపుకాడ ఆ పెద్ద రాయి, పావురాల గుండు, కనబడ్తుంది సూడు. దాని నడుము తడిసిందంటే వరదొస్తున్నట్టు. ఉన్న బట్టలు మూటగట్టుకొని గట్టెక్కేటంత సేపు ఉంటది, అంతే." దుప్పటి పిండుతూ మళ్లీ అంది. "కింది రేవుకాడ అడ్డం గోడ గట్టిండ్రు. గుండు కనబడలే. మా మరిది మూటలతోటి పోయిండు. మూటలు దొరికినయి."

నేనూ ఎగువకు చూశాను, గుండు నడుము పొడిగానే ఉంది.

ప్రణీత్ "గుండును ఎవరూ ముట్టుకోరమ్మా, అలాగే ఉంచుతాం. పైగా సైరన్ కూడా పెట్టిస్తాను" అన్నాడు. మంచివాడే, పాపం.

"పెట్టు బిడ్డా. కరెంటున్నప్పుడు మోగుతది" అని మణెమ్మ మళ్లీ ఎగువకు చూసి పనిలో పడింది.

ఆచారిగారు పటం విప్పి ఒక పొడి బండ మీద పరిచారు. ఒక మూల రేవు ఉంది, ఇంకో మూల గుండు ఉంది. కొలతల్లో వంక పెట్టడానికి లేదు. ఆయన జేబులోంచి పెన్సిలు తీసి ప్రణీత్‌కి ఇచ్చి, "ఈమె ఎటు చూస్తోందో గీత గీయి" అన్నారు.

వాడు స్కేలు పెట్టి రేవు నుంచి గుండు దాకా గీశాడు. గీత షాపుల వరసను కోసుకుంటూ పోయింది.

"గీత కింద ఏదో రాశావే," అన్నారు ఆచారిగారు. "కొంచెం గట్టిగా చదువు, ఈమెకు కూడా వినబడేలా."