ఇంటికి శొంఠి పట్టు

తెలివి అమ్ముకుంటే మేడలు కట్టేవాళ్ళమని నూకాలమ్మ కొడుకులు ముగ్గురూ ఊరంతా చెప్పుకుని తిరిగేవాళ్ళు. పెద్దవాడు గవరయ్య, నడిపివాడు దాలయ్య, చిన్నవాడు ఎర్రయ్య. ఎవరేం చెప్పినా పొల్లుపోకుండా చేసెయ్యడమే తెలివని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకంతో వాళ్ళు హాయిగానే ఉన్నారు. తలనొప్పి వాళ్ళ అమ్మకే.

మాటవరసకు కాదు, నిజం తలనొప్పే. ఏళ్ళ తరబడి ఉంది. వచ్చిందంటే సగం తల పగిలిపోయేది, కడుపులో తిప్పేది. పాపం, ఆవిడకు కావలసిందల్లా ఒక్క పూట కళ్ళు మూసుకుని పడుకోవడం.

ఒకరోజు కొడుకులు అమ్మను ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ మాత్రలిచ్చి చెప్పింది. "ఈ నొప్పికి వెలుతురూ చప్పుడూ పడవు. మాత్ర వేసి చీకటి గదిలో పడుకోబెట్టండి. చప్పుడు లేకుండా చూడండి. తగ్గిందో లేదో కనుక్కుంటూ ఉండండి. దేనివల్ల వస్తోందో కూడా గమనించండి, కొందరికి ఘాటు వాసనలు పడవు."

"ఇంతేనా! మాకు వదిలెయ్యండి డాక్టరమ్మగారూ," అన్నాడు గవరయ్య.

ఆవిడ వదిలేసింది. అంతే.

ఇంటికి రాగానే మాత్ర వేసి, కిటికీలు మూసి, సందుల్లో గోనెపట్టాలు కుక్కారు. నూకాలమ్మ "హమ్మయ్య" అని కళ్ళు మూసింది.

"చీకటి సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుందిరా?" అన్నాడు గవరయ్య.

"ఈ చీకట్లో ఏం కనబడుతుంది, ఉండు!" అని దాలయ్య టార్చిలైటు తెచ్చి మూలమూలలా వేసి చూశాడు. చివరికి అమ్మ మొహం మీద వేశాడు. "అమ్మా, చీకటిగానే ఉందా?"

"చంపకండిరా!" అని ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"కళ్ళు మూసుకుందంటే చీకటి బాగా కుదిరినట్టే," అన్నాడు దాలయ్య.

అంతలో వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టారు. మా అమ్మ పడుకుందని ఊళ్ళోవాళ్ళకెలా తెలుస్తుంది, చెప్పాలి కదా అనుకున్నాడు ఎర్రయ్య. ఇంకేముంది, డప్పు మెడకు తగిలించుకుని, సరిగ్గా అమ్మ కిటికీ కింద నిలబడి దండోరా వేశాడు. "మా అమ్మకు తలనొప్పహో! ఎవరూ చప్పుడు చెయ్యకూడదహో!" వెనక వరసలో ఇళ్ళవాళ్ళకు వినబడలేదేమోనని ఇంకోసారి గట్టిగా వేశాడు.

అయినా మాత్ర పుణ్యమా అని ఆవిడకు కాస్త కునుకు పట్టింది. గవరయ్య భుజం పట్టి కుదిపాడు.

"అమ్మా, తగ్గిందా?"

"నిద్రపోతే తగ్గుతుందిరా నాయనా."

"సరే, నిద్రపో."

కన్ను మూతబడిందో లేదో దాలయ్య కుదిపాడు. "అమ్మా, నిద్రపోయావా?"

ఈలోగా ఎర్రయ్య వంటింట్లో ఉన్నవన్నీ తెచ్చి ముక్కు దగ్గర పెట్టసాగాడు. ఇంగువ, కిరసనాయిలు, ఎండుచేప. "దీనివల్లేనా అమ్మా? పోనీ, దీనివల్లా?" ఏదీ తేలకపోయేసరికి ఎండుమిరపకాయలు నిప్పుల మీద వేసి పళ్ళెంలో పట్టుకొచ్చాడు. ఇక చూడండి దగ్గులు! దగ్గు ఆగి కళ్ళు తుడుచుకునేసరికి మంచం మీద అమ్మ లేదు.

ఆవిడ పెరటి గుమ్మంలోంచి పారిపోయి, చివరి వీధిలో చెల్లెలు వరసైన బంగారమ్మ ఇంట్లో పడింది. బంగారమ్మ ఏమీ అడగలేదు. నుదుటి మీద తడిగుడ్డ వేసి తన పని తాను చూసుకుంది. కొడుకులు వెతుక్కుంటూ వెళ్ళేసరికి నూకాలమ్మ లేచి కూర్చుని గంజి తాగుతోంది.

"పోయిందిరా," అంది.

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.

"మనింట్లో ఉన్నంతసేపూ ఉంది," అన్నాడు దాలయ్య.

"ఇక్కడికొస్తే లేదు," అన్నాడు ఎర్రయ్య.

గవరయ్య ఎగిరి గంతేశాడు. "ఒరేయ్, నొప్పి అమ్మకు కాదురా! మన ఇంటికి!"

డాక్టరమ్మకే అంతుచిక్కనిది తమకు చిక్కినందుకు పొంగిపోతూ పరిగెత్తారు. కొట్లో శొంఠంతా తెచ్చి, నూరి, బాల్చీతో పైకెక్కి పెంకులకు మందంగా పట్టు వేశారు. తలనొప్పికి గుడ్డ కట్టొద్దూ? అమ్మ పెళ్ళినాటి పట్టుచీర తెచ్చి కప్పు చుట్టూ చుట్టారు. గట్టిగా బిగిస్తేనే హాయని ఇద్దరు చెరో కొసా పట్టి లాగారు. చూరు పెంకులు దడదడా రాలిపడ్డాయి.

"చూశారా, తలభారం దిగిపోతోంది," అన్నాడు గవరయ్య.

ఇక ఇల్లు నిద్రపోవాలి. మునివేళ్ళ మీద నడిచి, తలుపు దగ్గరగా వేసి, ముగ్గురూ వీధరుగు మీద కూర్చున్నారు.

అప్పుడే నూకాలమ్మ పెరటి గుమ్మంలోంచి వచ్చింది. లోపల చీకటి. చప్పుడు లేదు. కొడుకులు అసలే లేరు. ఆవిడకు సంతోషంతో కళ్ళనీళ్ళొచ్చాయి. మంచం మీద వాలిపోయింది.

కాసేపాగి గవరయ్య తలుపు తట్టాడు. "ఇల్లమ్మా, తగ్గిందా?"

"తగ్గింది. మీరు లోపలికొస్తే మళ్ళీ వస్తుంది!" అని లోపలినుంచి వినబడింది.

ముగ్గురూ నోళ్ళు తెరిచారు. "ఇల్లు మాట్లాడిందిరా! అచ్చం అమ్మ గొంతే!"

"పాపం, ఇన్నాళ్ళూ నొప్పికి నోరు పెగల్లేదు," అని దాలయ్య కళ్ళు ఒత్తుకున్నాడు.

"దాని నిద్ర ఎవరూ చెడగొట్టకూడదు," అంటూ ఎర్రయ్య డప్పు మెడకు తగిలించుకున్నాడు. "మా ఇంటికి తలనొప్పి తగ్గిందహో! ఇల్లు పడుకుందహో! ఎవరూ చప్పుడు చెయ్యకూడదహో!"

"అబ్బా, నా తల!" అని ఇల్లు మూలిగింది.

గవరయ్య శొంఠి బాల్చీ పట్టుకుని మళ్ళీ నిచ్చెనెక్కాడు.