పుచ్చుకున్న తాంబూలం

"మందు పనిచేసిందని ఎలా తెలుసుకోవాలి మేడమ్?" అని అడిగింది, పెద్ద డాక్టరు పేరిందేవి గారి దగ్గర వైద్యం నేర్చుకుంటున్న భార్గవి. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. "తర్వాతి మనిషిని పిలువు," అన్నారు.

వచ్చింది సన్నాయి వాయించే గురునాథం, వెనకే భార్య మంగతాయి. అతన్ని చూస్తేనే భార్గవికి జాలి. ఒక పెళ్లిలో పురోహితుడు "గట్టిమేళం" అని చెయ్యెత్తిన క్షణాన ఒంటితలనొప్పి విరుచుకుపడింది. గురునాథం సన్నాయి కింద పెట్టి తల పట్టుకు కూర్చున్నాడు. ముహూర్తం ఎవరికోసమూ ఆగదు కదా, డోలు చప్పుడు మీదే తాళి కట్టించేశారు. ఆనాటి నుంచి ఎవరు పిలిచినా అతను తాంబూలం పుచ్చుకోలేదు. మేళగాడు తాంబూలం అందుకున్నాడంటే వస్తానని మాటిచ్చినట్టే. ఏ రోజు తల ఎలా ఉంటుందో తెలియనివాడు మాట ఎలా ఇస్తాడు? సన్నాయి అటకెక్కింది. నొప్పి లేని రోజున కూడా ఆ మనిషి నొప్పికి భయపడుతూనే బతికాడు.

భార్గవి మందు మొదలుపెట్టించింది ఆ సన్నాయిని కిందికి దింపాలనే. "ఇప్పుడెలా ఉంది?" అని ఆత్రంగా అడిగింది.

"వస్తూనే ఉందండీ. మునుపటంత కాదుగానీ, మొన్న కూడా వచ్చింది."

ఆమె ప్రాణం ఉసూరుమంది. మందు మార్చేద్దామని కలం తీసింది.

అంతవరకూ కిటికీలోంచి చూస్తున్న పేరిందేవి గారు ఇటు తిరిగారు. "గురునాథం గారూ, తాంబూలం ఏమైనా పుచ్చుకున్నారా?"

అతను సిగ్గుపడ్డాడు. మంగతాయే అందుకుంది. "పుచ్చుకున్నారండీ! వచ్చే శ్రావణంలో పెళ్లికి. రెండు చేతులూ చాచి మరీ పుచ్చుకున్నారు. పొద్దున్నే సాధన మొదలెడితే మా వీధి వీధంతా నిద్ర లేస్తోంది!"

"ఆ రోజు నొప్పి వస్తే?" భార్గవి ఉండబట్టలేకపోయింది.

"వస్తే రానివ్వండి. మొదలవుతుండగానే మాత్ర వేసుకుంటే ఇప్పుడు లొంగుతోంది కదండీ. కాసేపు మా తమ్ముడు వాయిస్తాడు. గట్టిమేళానికి మాత్రం నేనే ఉంటాను," అన్నాడు గురునాథం. ఆ గొంతులో బెదురు లేదు.

వాళ్లు వెళ్లాక భార్గవి గురువుగారినే చూస్తూ ఉండిపోయింది. ఆ ఒక్క ప్రశ్న తనకెందుకు తోచలేదో! ఎన్నేళ్లు కూర్చున్నా ఈవిడ దగ్గర నేర్చుకోవలసింది మిగిలే ఉంటుందనిపించి, మనసు నిండిపోయింది. అయినా కలం ఇంకా చేతిలోనే ఉంది.

"నొప్పి పూర్తిగా పోలేదు కదా మేడమ్. మందు మార్చనా?"

"వద్దమ్మా," అన్నారు పేరిందేవి గారు. "ఆయన మళ్లీ మాటివ్వగలిగాడు."