పింఛం వెనక సలహాదారు

ఏనుగుబండ అడవిలో దాచుకోవడం అంటే మాటలు కాదండీ. దాచింది తడిస్తే మొలకెత్తుతుంది, ఆరబెడితే కోతి ఎత్తుకుపోతుంది, పూడ్చి మర్చిపోతే వచ్చే ఏటికి చెట్టయి కూర్చుంటుంది. అందుకని అక్కడ ఒక సలహా కొట్టు వెలిసింది. ఏది ఎక్కడ దాచాలి, ఎంత తినాలి, ఎంత మిగల్చాలి, వానాకాలం గడిచేదెలా అని అడిగినవాళ్లకి చెప్పే కొట్టు. దాని యజమాని తంత్రయ్య అనే నక్క. నక్కేంటి, గింజల సలహా ఏంటి అంటారేమో. నక్క గింజలు తినదు కాబట్టి తన దగ్గర అంతా భద్రం అని ఆయనే చెప్పుకున్నాడు, అందరూ నిజమే కదా అని తలూపారు. సలహాకి రెండు పీతలు ఫీజు.

పని మాత్రం చారలమ్మ అనే ఉడుతది. పొద్దున్నే పిల్లలకింత పెట్టి, కొమ్మ మీంచి కొమ్మ మీదకి ఉరుకుతూ ఖాతాదారుల ఇళ్లకి వెళ్లేది. వెళ్లి ఊరికే చెప్పి రాదు, ముందు కూర్చుని వింటుంది. ఇంట్లో ఎంతమంది, ఎవరికి అజీర్తి, కిందటేడు ఏం కుళ్లింది, అల్లుడెప్పుడొస్తాడు, వస్తే ఎన్నాళ్లుంటాడు, అన్నీ వింటుంది. ఆ తర్వాత గోడ తడిమి, చెమ్మ వాసన చూసి, ఇక్కడ మూడు పాళ్లు, అక్కడ రెండు పాళ్లు అని లెక్క చెబుతుంది. మూడేళ్లలో ఆవిడ చెప్పినచోట ఒక్క గింజకి బూజు పట్టలేదు.

కాని ఆ సలహా నలుగురిలోకి వెళ్లేటప్పుడు "తంత్రయ్యగారి సలహా" అయిపోయేది. ఎందుకంటే కొట్టు ముందు ఒక పెద్ద బండ ఉంది. దాని మీద కూర్చున్నవాళ్లే పెద్ద సలహాదారు, వాళ్ల పేరు మీదే మాట వెళుతుంది. ముసలి గుడ్లగూబ దిగిపోయాక మూడేళ్లుగా అది ఖాళీ, అందుకని మాట యజమాని పేరు మీద పోతోంది. బండెక్కాలంటే ఒక రివాజు ఉంది. ప్రశ్నల రోజున ఖాతాదారులంతా వస్తారు. బండ మీద ఉన్నవాళ్లు అందరి ప్రశ్నలకీ కిందకి దిగకుండా జవాబు చెప్పాలి. మధ్యలో దిగితే దిగినట్టే, ఇక ఎక్కడానికి లేదు. జవాబులు నచ్చితే అందరూ కాళ్లతో దబదబా నేలని తాటిస్తారు, బండ ఇక వాళ్లదే. ఆ బండ మీద తన పేరుతో తన మాట చెప్పాలని చారలమ్మకి ఒకటే కోరిక.

"చారలమ్మా, నీకో శుభవార్త," అన్నాడు తంత్రయ్య రోహిణి ఎండల్లో ఒకనాడు. "ఈ ఏడు బండ మీదకి ఒకళ్లని ఎక్కిస్తున్నాను."

చారలమ్మ నిటారుగా కూర్చుంది. తోక సర్దుకుంది.

"పింఛాలరాయుణ్ణి."

సర్దుకున్న తోక జారిపోయింది. పింఛాలరాయుడు నెమలి. కొట్టులో చేరి నాలుగు వారాలు. అందులో రెండు వారాలు మడుగులో తన బొమ్మ చూసుకోవడానికే సరిపోయాయి.

"ఆయనకి సజ్జకీ జొన్నకీ తేడా తెలీదు కదండీ!"

"తెలియక్కర్లేదు. ఆ మెడ చూశావా? ఆ రంగు, ఆ దర్జా! పెద్ద సలహాదారంటే అలా ఉండాలి. నువ్వేమో గుప్పెడంత కూడా లేవు. గొంతు కీచుమంటుంది. పైగా పిల్లల తల్లివి, పొద్దు వాలితే ఇంటికి పరిగెడతావు. నీ మంచి కోసమే చెబుతున్నా."

"పొద్దు వాలేలోగా ఏడిళ్లు తిరుగుతున్నానండీ."

"నేనూ అదే అంటున్నా. తిరిగేదానివి కూర్చుంటే, తిరిగేదెవరు?"

"కిందటేడు కూడా వచ్చే ఏడు అన్నారు. అంతకు ముందేడూ అంతే."

"ఇప్పుడూ అదే అంటున్నాను. ఒక్క మాట మీద నిలబడే నక్కని నేను," అన్నాడు తంత్రయ్య ఛాతీ విరుచుకుని. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంకో చిన్న పని ఉంది. ప్రశ్నల రోజున రాయుడు పింఛం విప్పి నిలబడతాడు. నువ్వు ఆ వెనక కూర్చుని మెల్లిగా జవాబులు చెప్పు. ఆయన పైకి అంటాడు. మూడో కంటికి తెలీదు."

చారలమ్మకి ఒళ్లు మండిపోయింది. గిరుక్కున తిరిగి బయటికొచ్చి చెట్టెక్కి, కొమ్మకి ముఖం ఆనించి కాసేపు ఏడ్చింది. మానేద్దామా అనుకుంది. మానేస్తే ఆ నెమలి మాటలు విని ఎన్ని కొంపలు మునుగుతాయో! అలా అనుకుంటూ కళ్లు తుడుచుకుని కిందకి చూసింది. చీమలు గుడ్లు నోట కరుచుకుని మెరక మీదకి పోతున్నాయి, ఒకటి కాదు రెండు కాదు, బారులు బారులు. చారలమ్మ వాటినే చూస్తూ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. ఏడుపు ఆగిపోయింది. చిన్నగా నవ్వు కూడా వచ్చింది.

తిరిగొచ్చి, "సరేనండీ, కూర్చుంటాను. రోజు మాత్రం నేను పెడతా. ఎండలో అయితే ముసలాళ్లు రాలేరు. వచ్చే గురువారం మధ్యాహ్నం అయితే కాస్త చల్లబడుతుంది," అంది.

"ఓస్, ఇంతేనా!" అని తంత్రయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇంత చిన్న కోరికలుంటే ఎంత సుఖం చెప్పు!"

గురువారం వచ్చింది. పింఛాలరాయుడు బండెక్కి పింఛం విప్పేసరికి జనమంతా అబ్బా అన్నారు. ఆ వెనక చారలమ్మ ముడుచుకుని కూర్చుంది. ఎవరికీ కనపడలేదు.

తాబేలు నిదానప్ప మెల్లిగా ముందుకొచ్చాడు. "నాయనా, ఎండు రేగుపళ్లు రెండు బుట్టలున్నాయి. ఎక్కడ పెట్టమంటావు?"

"ఒక బుట్ట పుట్ట పక్కన మెరక మీద. రెండోది మోదుగాకుల్లో చుట్టి గూట్లో," అని గొణిగింది చారలమ్మ. రాయుడు మెడ నిక్కించి అదే మాట గట్టిగా అన్నాడు. ఆహా ఓహో అన్నారంతా. తంత్రయ్య మీసం దువ్వుకున్నాడు.

తర్వాత ముళ్లపంది ముళ్లయ్య లేచాడు. "నా దుంపలు ఏటా పురుగు పడుతున్నాయండీ."

"వేపాకు పరిచి, దుంపకీ దుంపకీ ఎడం ఉంచు," అంది చారలమ్మ. అన్నాడు రాయుడు. "కాస్త పక్కకి జరగండి, ఈక ముక్కులో గుచ్చుకుంటోంది," అంది చారలమ్మ. అదీ అన్నాడు రాయుడు, గంభీరంగా.

జనం ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. ముళ్లయ్య తలొంచుకుని, "నన్నేలెండి. నా పక్కన కూర్చుంటే ఎవరికైనా గుచ్చుకుంటుంది," అని బెత్తెడు దూరం జరిగాడు.

"అయ్యో, అది మీకు చెప్పానండీ, వాళ్లకి కాదు!"

"అయ్యో, అది మీకు చెప్పానండీ, వాళ్లకి కాదు!" అన్నాడు రాయుడు.

"ఎంత లోతైన మాట!" అని నిదానప్ప కళ్లు మూసుకుని తలాడించాడు. తంత్రయ్య చెమట తుడుచుకున్నాడు.

అప్పుడు లేచింది కౌజుపిట్ట కాంతమ్మ. "అయ్యా, పోయిన నెలలో మా ఆయన వలలో పడి పోయాడు. ఆరుగురు పిల్లలు. నాలుగు నెలల గింజా ఒక్కచోటే ఉంది. మొన్న మీరొచ్చి వాగొడ్డున తొర్ర అందంగా ఉందన్నారని అంతా అందులో పోశాను. ఇప్పుడేమో మబ్బు కమ్ముతోంది. వాగు పొంగితే నా పిల్లలేం తింటారు?"

వెనక చారలమ్మ చెవులు రిక్కించింది. వాగొడ్డునా! ఈ మహానుభావుడు తనకి చెప్పకుండా వెళ్లి చేసొచ్చిన ఘనకార్యం ఇదా! "త్వరగా చెప్పండి, ముందు..." అని ఆమె నోరు తెరిచేలోగా ఆకాశం ఫెళఫెళమంది. నల్లటి మబ్బు ఏనుగుబండ మీదకి ఒరిగింది.

ఇంకేముంది! మబ్బుని చూసి నెమలి కాలు నిలుస్తుందా? రాయుడి మెడ ఊగింది, కాలు లేచింది. "రాయుడూ! ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు!" అని తంత్రయ్య పళ్లు నూరుతున్నా వినలేదు. గిర్రున ఒక చుట్టు తిరిగి, రెండో చుట్టుకి బండ దిగి, మూడో చుట్టుకి జనం మధ్యలో నాట్యం చేస్తున్నాడు. బండ మీద మిగిలింది ఒక్క చారలమ్మ, నోటి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని.

అడవంతా ఆవిణ్ణే చూసింది. ఈ మబ్బు కోసమే ఆవిడ గురువారం పెట్టించింది. తీరా అన్ని కళ్లూ తన మీద పడేసరికి పారిపోదామనిపించింది. ఒక్క గెంతు గెంతితే చెట్టు మీద ఉండేది. కాని ఎదురుగా కాంతమ్మ నిలబడి ఉంది.

"కాంతమ్మా, ఏడవకు, ఇటు చూడు," అంది చారలమ్మ. గొంతు కీచుగానే ఉంది, కాని చివరి వరస దాకా వినపడింది. "నీ గింజని మూడు చోట్లకి మారుద్దాం. ముళ్లయ్యా, నీ బొరియలో దక్షిణం గది పొడిగా ఉంది. కిందటి వారమే చూశా. సగం అక్కడ. నా తొర్రలో పై అర ఖాళీ, పావు వంతు అక్కడ. మిగతాది పిల్లలకి అందేలా నీ పొదలోనే. కుందేళ్లూ, మీరు మొయ్యండి. నిదానప్పగారూ, మీరు మొయ్యొద్దు, మీరు బయల్దేరేసరికి వాన వెలుస్తుంది. వాగు వైపు చూస్తూ ఉండండి, నీళ్లు రాయి దాటితే కేకెయ్యండి."

బండ దిగకుండా అక్కణ్ణించే ఒక్కొక్కళ్లని పేరు పెట్టి పిలిచి పంపింది. చినుకులు జోరందుకునేలోగా తొర్ర ఖాళీ అయింది. నిదానప్ప కేక వేసేసరికి తొర్ర నీళ్లలో ఉంది. కాంతమ్మ బండ దగ్గరకొచ్చి, "అక్కా, నా పిల్లల కడుపు కాపాడావు," అని వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పుడు తాటించారు నేలని! వాన చప్పుడు కూడా వినపడలేదు.

తంత్రయ్య పరుగెత్తుకొచ్చాడు. "ఆగండాగండి! ఇది చెల్లదు. ఈవిడ మా సహాయకురాలు!"

"దిగినవాడు దిగినట్టే," అన్నాడు నిదానప్ప. "మీరు పెట్టిన రివాజే కదా. దిగనిది ఈ అమ్మాయి."

"అది కాదండీ, పిల్లల తల్లి! బండెక్కి కూర్చుంటే ఇల్లెవరు చూస్తారు?"

"మీ ఇల్లెవరు చూస్తున్నారు?" అని అడిగింది కాంతమ్మ ముక్కు తుడుచుకుంటూ.

"మా ఆవిడ."

"పీతలెవరు లెక్కపెడుతున్నారు?"

"ఆవిడే."

"అయితే ఆవిణ్ణి కూడా రేపట్నించి కొట్టుకి పంపండి. మీకన్నా అక్కరకొచ్చేలా ఉంది," అంది కాంతమ్మ. అందరూ పకపకా నవ్వారు.

ఆ రోజు నించి సలహా చారలమ్మ పేరు మీద వెళుతోంది. పింఛాలరాయుణ్ణి ఆవిడ తీసెయ్యలేదు. వచ్చినవాళ్లకి ఎదురెళ్లి పింఛం విప్పి రండి రండి అనే పని ఇచ్చింది. ఆయన ఉబ్బితబ్బిబ్బయిపోయాడు. ఇక మిగిలింది ఇళ్లు తిరగడం.

"తంత్రయ్యగారూ, తిరిగేదాన్ని కూర్చున్నాను కదా," అంది చారలమ్మ చాలా మర్యాదగా. "రేపు పొద్దున్న నిదానప్పగారి ఇంటికి మీరెళ్లి రండి."

తంత్రయ్య చెవులు వాల్చేశాడు. "వెళతాను గాని... ఆయన ఇల్లెటు?"

నీతి: పని చేసేవాళ్లకి పీట వెయ్యడం మానేస్తే, చివరికి ఆ పని నేర్చుకోవలసింది మీరే.